రోడ్డు మీద పడి ఉన్న ఒంటి గ్లౌజుల ఫోటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు (బెజవాడ, గుంటూరు వాళ్ల కోసం)

అసలు ఏంటిది? ఎందుకు తీస్తారు?

ఎక్కడికో వెళ్తుంటే దారిలో ఎవరో పోగొట్టుకున్న గ్లౌజు ఒకటి కనపడుద్ది, బండి పక్కకి ఆపి దాన్ని ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసుకుంటాం, అంతే. చలి దేశాల్లో ఇది చాలామందికి అలవాటు, అక్కడ చలికాలం వస్తే అందరి చేతులకీ ఊలు గ్లౌజులు ఉంటాయి కాబట్టి పడిపోవడం కూడా ఎక్కువే, దారిన పోయేవాళ్లు తీసి ఏ ఫెన్సింగ్ చువ్వకో తగిలించి వెళ్తారు, పోగొట్టుకున్నవాళ్లు వెతుక్కుంటూ వస్తే కనపడాలని. మనకి అంత చలి ఎక్కడుంది, డిసెంబరు జనవరి తెల్లవారుజామున పాల బండి వాళ్లు, వాకింగుకి వెళ్లే పెద్దవాళ్లు తప్ప చలికి గ్లౌజు వేసుకునేవాళ్లు తక్కువే. మన దగ్గర గ్లౌజు వేసుకునేది ఎండకి, లేదంటే పనికి. అందుకే ఇక్కడ పడిపోయిన గ్లౌజుని కాసేపు చూస్తే పొద్దున్న ఆ రోడ్డు మీద ఎవరు ఏ పనికి వెళ్లారో చాలావరకు చెప్పేయొచ్చు. నేను ఇది మొదలుపెట్టిందీ, ఇంకా వదలకుండా చేస్తుందీ దాని కోసమే. బెజవాడ ఫోటోలంటే బ్యారేజీ, అమ్మవారి కొండ, ఫ్లైఓవర్ లైటింగు అందరూ తీస్తారు, బాగుంటాయి కూడా, కానీ ఆ రోడ్లు ఊడ్చేవాళ్లూ, రేకులు వెల్డింగ్ చేసేవాళ్లూ ఎవరి ఫోన్లోనూ ఉండరు.

మన ఊళ్లో గ్లౌజులు అంత దొరుకుతాయా?

దొరుకుతాయి, ఎటు చూడాలో తెలియాలి.

అన్నిటికన్నా ఎక్కువ కనపడేవి ఆడవాళ్లు స్కూటీ నడిపేటప్పుడు వేసుకునే ఎండ గ్లౌజులు, మోచేతి పైదాకా ఉంటాయే అవి, కాటన్‌వి, లేత గోధుమ రంగు, నలుపు, చిన్న పూల డిజైన్లు. బీసెంట్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద అమ్మే సరుకులో ఎండాకాలం మొదలవగానే ఇవే ముందు వరసలో ఉంటాయి. పెట్రోల్ బంకు దాటిన తర్వాత వచ్చే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర చూడండి. డబ్బులు ఇవ్వడానికో స్కాన్ చేయడానికో గ్లౌజు తీసి ఒళ్లో పెట్టుకుంటారు, వెనకాల వాళ్లు హారన్ కొడుతుంటే కంగారుగా బండి తీస్తారు, ఆ గతుకు దగ్గర అది జారిపోద్ది. స్కూలు గేట్ల దగ్గర, బస్టాండు పార్కింగ్ దగ్గర, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కూడా ఇదే కథ.

ఆటోనగర్ వైపు వెళ్తే సరుకు పూర్తిగా మారిపోద్ది. అక్కడ లారీ బాడీలు కట్టేవాళ్లు, లేత్ పనివాళ్లు, వెల్డర్లు ఉంటారు కాబట్టి తోలు గ్లౌజులు కనపడతాయి, మందంగా, మణికట్టు దాటి ఉంటాయి, వేళ్ల దగ్గర నిప్పురవ్వలు పడి నల్లగా చుక్కలు చుక్కలుగా కాలి ఉంటాయి. గ్రీజు పీల్చుకున్న తెల్ల అల్లిక గ్లౌజులు, అరచేతి వైపు రబ్బరు పూత ఉన్నవి కూడా దొరుకుతాయి. నాకైతే ఈ తోలు గ్లౌజులంటే చాలా ఇష్టం ఎందుకంటే అవి పడిపోయాక కూడా వేళ్లు వంగే ఉంటాయి, రోజూ పట్టుకునే వెల్డింగ్ హోల్డరు ఆకారం తోలుకి అలవాటైపోయి ఉంటుంది.

ఇళ్లు కట్టే చోట, అంటే తాడేపల్లి, ఉండవల్లి వైపు, కానూరు, పోరంకి వైపు, స్లాబు వేసిన మర్నాడు వెళ్తే పొడుగు రబ్బరు గ్లౌజులు సిమెంటు పట్టి గట్టిపడిపోయి ఉంటాయి. తడి సిమెంటుకి క్షార గుణం ఉంటుంది, చర్మాన్ని కాల్చేస్తుంది, అందుకే మేస్త్రి వాటిని వేసుకోమంటాడు, కానీ వేసుకుంటే ఊపిరాడనట్టు చెమట పడుతుంది కాబట్టి మధ్యలో తీసేస్తారు, తీసేసిన చోటే మర్చిపోతారు.

ఇంకా తెల్లవారుజామున ఊడ్చేవాళ్ల రబ్బరు గ్లౌజులు, ఆసుపత్రి వీధుల్లో పల్చటి గ్లౌజులు, పసిపిల్లల చేతులకి తొడిగే చిన్న సంచుల్లాంటివి, గ్రౌండ్ల దగ్గర ఎప్పుడో ఒకటి బ్యాటింగ్ గ్లౌజు.

కుడి చేతివే ఎక్కువ కనపడతాయంటారు, నిజమేనా?

నాకు కనపడ్డంతవరకు అవును, ఎండ గ్లౌజుల్లో అయితే మరీ. కారణం తేలిగ్గానే అర్థమవుద్ది, ఫోన్ స్క్రీన్ మన చర్మంలో ఉండే విద్యుత్ వాహకత్వాన్ని బట్టి తాకింది గుర్తుపట్టుద్ది, మధ్యలో కాటన్ గుడ్డ ఉంటే పట్టదు, కాబట్టి స్కాన్ చేయాలన్నా ఓటీపీ కొట్టాలన్నా కుడి గ్లౌజు తీయాల్సిందే, ఎడమది చేతికే ఉండిపోద్ది. చేతికున్నది పోదు, తీసిందే పోద్ది. పని గ్లౌజుల్లో ఈ తేడా ఇంత కనపడదు, రెండూ కలిపి తీసి నడుముకి దోపుకుంటారు కదా.

కుడిదో ఎడమదో ఎలా తెలుస్తుంది?

అరచేతి వైపు నేలకి, వేళ్లు మీకు అవతలి వైపుకి ఉండి బొటనవేలు ఎడమ పక్కకి ఉంటే కుడిది, కుడి పక్కకి ఉంటే ఎడమది. అరచేతి వైపు ఎటో మడతల్ని బట్టి, అరుగుదలని బట్టి తెలుసుకోవచ్చు. ఆసుపత్రుల్లో మామూలు పరీక్షలకి వాడే పల్చటివి ఏ చేతికైనా పడతాయి, ఆపరేషన్‌కి వాడే స్టెరైల్ గ్లౌజులు మాత్రం చేతికి తగ్గట్టు విడివిడిగా వస్తాయి. అల్లిక గ్లౌజులు కూడా చాలావరకు రెండు చేతులకీ ఒకటే, అవి ఎటువో తేలకపోతే రాయకుండా వదిలేయండి.

గుంటూరు మిర్చి యార్డు దగ్గర తీయొచ్చా?

తప్పకుండా తీయండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సీజను, మే నెలలో యార్డుకి సెలవులు ఇచ్చేస్తారు కాబట్టి అప్పుడు వెళ్తే ఖాళీ షెడ్లు తప్ప ఏం ఉండవు. సీజన్లో పొద్దున్నే వెళ్తే లారీలు, టిక్కీలు అంటే మిర్చి బస్తాలు, వాటిని మోసే ముఠా కూలీలు, ఘాటు. లోపలికి అడుగుపెట్టకముందే తుమ్ములు మొదలవుతాయి, ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి మీరు గమనిస్తారు, ఇంత ఘాటు సరుకు మోసే చోట గ్లౌజులు చాలా తక్కువ. టిక్కీ మోసే ముఠా ఆయన్ని ఒకసారి అడిగాను, బాబాయ్ గ్లౌజులు వేసుకోరా అని. "గ్లౌజేసుకుంటే పట్టు జారుద్దమ్మా, టిక్కీ నెత్తి మీద పడుద్ది" అన్నాడు, అని తువ్వాలు దులిపి మళ్లీ భుజం మీద వేసుకుని వెళ్లిపోయాడు. కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్లలో కొందరు వేళ్లకి గుడ్డ పీలికలు చుట్టుకుంటారు, రాలిపోయిన ఆ పీలికలు గ్లౌజు లెక్కలోకి వస్తాయా అని నన్ను అడిగితే నా లెక్కలో వస్తాయి. చేతిని కాపాడుకోడానికి కట్టుకున్నది ఏదైనా సరే, పడిపోతే తీయండి.

ఇంకో మాట, అక్కడ దేన్ని ముట్టుకున్నా చెయ్యి కళ్ల దగ్గరికి పోనివ్వకండి. మిరప మంటకి కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుద్ది, అందుకే ఒట్టి నీళ్లతో ఎంత కడిగినా మంట పోదు, ముందు కాస్త నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి. ఫోను కూడా తుడవండి, తర్వాత చెవికి పెట్టుకునేది అదే.

మామూలు ఫోనుతో బాగా వస్తాయా?

వస్తాయి, పెద్ద కెమెరా తీసుకెళ్తే ఇంకా ఇబ్బందే, నలుగురూ చుట్టూ చేరతారు.

ముఖ్యంగా తెలుసుకోవాల్సింది వెలుతురు లెక్క. ఫోను తనకి కనపడ్డదాన్ని అంతా కలిపి మధ్యరకం బూడిద రంగు వెలుతురికి తేవాలని చూస్తుంది. అంచేత నల్ల తారు మీద నల్ల గ్లౌజు తీస్తే రెండూ బూడిద రంగులోకి వచ్చేసి పాలిపోతాయి, అప్పుడు గ్లౌజు మీద నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగాలి. తెల్ల గ్లౌజు సిమెంటు రోడ్డు మీద ఉంటే అంతా మురికిగా వస్తుంది, అప్పుడు పైకి లాగాలి. ఈ ఒక్కటి అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

బెజవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు, మే నెల మధ్యాహ్నం పన్నెండింటికి తీస్తే నీడ అంతా గ్లౌజు కిందికి వెళ్లిపోయి అది నేలకి అతికించినట్టు ఉంటుంది. మీరే ఎండకి అడ్డంగా దాని మీదికి వంగి మీ నీడ దాని మొత్తం మీద పడేలా చేయండి, సగం నీడ సగం ఎండ అస్సలు వద్దు. పొద్దున్న ఆరున్నర ఏడు గంటలకి పక్క నుంచి వచ్చే ఎండలో అయితే ఏ అడ్డం అక్కర్లేదు, అల్లిక పోగులు, పగుళ్లు, దుమ్ము అన్నీ లేచి కనపడతాయి. కానీ అప్పటికి మెయిన్ రోడ్లు ఊడ్చేసి ఉంటారు, కాబట్టి పొద్దున వెలుతురు కావాలంటే సందుల్లోకి వెళ్లాలి.

వైడ్ లెన్సుతో దగ్గరికెళ్లి తీస్తే వేళ్లు సాగిపోతాయి, రెండడుగులు వెనక్కొచ్చి టూ ఎక్స్ జూమ్ పెట్టుకోండి. నేను రెండు ఫోటోలు తీస్తాను, ఒకటి నిటారుగా పై నుంచి, గ్లౌజు నిండుగా కనపడేలా, రెండోది కూర్చుని కింద నుంచి, వెనకాల ఏ షాపు, ఏ సెంటరు అన్నది తెలిసేలా. చాలామంది మొదటిదే తీసి వచ్చేస్తారు. పై నుంచి తీసింది ఏ ఊళ్లోదైనా కావచ్చు, రెండోది చూస్తేనే అది ఏలూరు రోడ్డా అరండల్‌పేటా అన్నది తెలుస్తుంది, నన్నడిగితే రెండోదే ముఖ్యం.

రాత్రి ఎల్‌ఈడీ లైట్ల కింద పర్వాలేదు. ఫ్లాష్ వాడకండి, రబ్బరు గ్లౌజు మీద తెల్లటి మచ్చ పడుద్ది.

కొంచెం సర్ది, వేళ్లు విప్పి తీస్తే బాగుంటుంది కదా?

వద్దండి. అది ఎలా పడిందో అదే దాని సమాచారం, టైరు ఎక్కి వేళ్లు నలిగాయా, లోపలి వైపు బయటికి తిరిగి ఉందా, ఇవన్నీ దాన్ని ఎలా తీశారో చెప్తాయి. లోపలి వైపు బయటికి ఉంటే చెమట చేతి నుంచి గబగబా లాగేశారన్నట్టు.

తీసి పక్కన పెట్టొచ్చా?

ఫోటో తీశాక పెట్టొచ్చు, ఎండ గ్లౌజు అయితే పెట్టండి కూడా, పక్కనే ఉన్న కాంపౌండు గోడ మీదో, చెట్టు చుట్టూ ఉండే కంచెకో తగిలించండి. ఎక్కడ పడిందో అక్కడికి నాలుగడుగుల లోపే. సందు మొదట్లో ఉందని సెంటర్లోకి తీసుకెళ్తే వెతుక్కునేవాళ్లకి దొరకదు.

పల్చటి ఆసుపత్రి గ్లౌజుల్ని మాత్రం ముట్టుకోవద్దు, ఏ పరిస్థితుల్లోనూ వద్దు. వాడేసిన గ్లౌజులు 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం ఎర్ర సంచిలో పడాలి, రోడ్డు మీదికి రాకూడదు. ఒకటీ అరా కనపడితే దూరం నుంచి తీసి వచ్చేయండి, కుప్పగా పడేసి ఉంటే ఆ ఫోటో మున్సిపాలిటీ వాళ్లకి ఫిర్యాదుకి పనికొస్తుంది. ఈ గ్లౌజు పుట్టిన కథ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 1889 ప్రాంతంలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సుకి ఆపరేషన్ గదిలో వాడే పాదరసం మందు పడక చేతులు పొక్కిపోతుంటే, సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ చేత ఆమె కోసం పల్చటి రబ్బరు గ్లౌజులు చేయించాడు, 1890లో వాళ్లిద్దరూ పెళ్లి కూడా చేసుకున్నారు. రోగికి ఇన్ఫెక్షన్ రాకుండా అన్న ఆలోచన తర్వాత వచ్చింది, ముందు పని చేసే మనిషి చేతుల కోసమే.

కరెంటు లైన్‌మన్లు వేసుకునే మందపాటి రబ్బరు గ్లౌజు దొరికితే అది వేరే సంగతి. వాటి మీద ఐఎస్ 4770 అని భారతీయ ప్రమాణం నంబరు ఉంటుంది. అది ఎంత కొత్తగా కనపడినా ఎవరికీ వాడుకోమని ఇవ్వకండి, సూది మొనంత చిల్లు ఉన్నా ప్రాణం పోద్ది, అందుకే లైన్‌మన్ వాడే ముందు గాలి నింపి ఎక్కడైనా కారుతోందేమో చూసుకుంటాడు. దగ్గర్లో సబ్‌స్టేషన్ ఉంటే తీసుకెళ్లి ఇచ్చేయండి, లేదంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి చెప్పండి, ఒక చేతికి గ్లౌజు లేకుండా ఆ మనిషి స్తంభం ఎక్కకూడదు.

ఎక్కడ ఆగకూడదు?

కనకదుర్గ ఫ్లైఓవర్ మీద, వారధి మీద, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ల మీద ఆగొద్దు, ఎంత మంచి గ్లౌజు కనపడినా సరే. బ్యారేజీ మీద బండి ఆపకుండా నడిచి వెళ్లండి, 1957లో కట్టిన వంతెన, రోడ్డు ఇరుకు, కిలోమీటరుకి పైగా ఉంటుంది కాబట్టి సాయంత్రం నడకకి కూడా బాగుంటుంది. రైలు పట్టాల మీదికి వెళ్లొద్దు, అనుమతి లేకుండా వెళ్తే రైల్వే చట్టం సెక్షన్ 147 కింద నేరం, పట్టాల పక్కన కంకర మీద గ్యాంగ్‌మన్ గ్లౌజులు కనపడతాయి కానీ లెవెల్ క్రాసింగ్ దగ్గర నుంచో పాదచారుల వంతెన మీద నుంచో జూమ్ చేసి తీసుకోండి.

"ఏం తీస్తున్నారు?" అని ఎవరైనా అడిగితే?

ఉన్న మాట చెప్పండి. గ్లౌజు పడిపోయి ఉంది అక్కా, ఫోటో తీస్తున్నా అంటే చాలు, చాలాసార్లు వాళ్లే చుట్టూ చూసి, ఇందాక టీ తాగడానికి ఆగిన ఆయనది అయ్యుంటది అని చెప్తారు, ఒక్కోసారి పరిగెత్తి ఆయన్ని పిలుస్తారు కూడా. షాపు ముందు అయితే ముందే "అన్నా ఒక్క ఫోటో" అని అడగండి, షాపులవాళ్లకి మున్సిపల్ వాళ్లేమో అని భయం ఉంటుంది. మనుషుల మొహాలు, బండి నంబర్లు ఫ్రేములోకి రానివ్వకండి. గ్లౌజు తాలూకు మనిషి అక్కడే ఉండి, వద్దన్నాడనుకోండి, తీసింది కూడా ఆయన ముందే డిలీట్ చేసేయండి.

2024 వరదలప్పుడు కూడా తీశారా?

తర్వాత తీశాను. సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల ఇళ్లన్నీ మునిగిపోయినప్పుడు, కృష్ణకి కూడా 11 లక్షల క్యూసెక్కులకి పైగా వచ్చింది, అప్పుడు ఎవరికి ఫోటోల ధ్యాస ఉంటుంది. నీళ్లు తీశాక వేరే జిల్లాల నుంచి పారిశుధ్య కార్మికుల్ని తెప్పించారు, ఫైరింజన్లతో ఇళ్లు కడిగించారు, ఆ బురద ఎండాక వీధుల్లో గ్లౌజులు అలాగే బురదలో అచ్చు పడి ఉండిపోయాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మన ఇళ్లలో బురద ఎత్తి వెళ్లిపోయినవాళ్లవి అవి. వాళ్ల పేర్లు మనకి తెలీదు, కృతజ్ఞత చెప్పుకునే వీలు లేదు. ఆ ఫోటోలు నేను వేరే ఫోల్డర్లో పెట్టుకున్నాను, అడిగినవాళ్లకి చూపిస్తాను.

ఇది కూడా ఫోటోగ్రఫీయేనా?

ఇర్వింగ్ పెన్ అని అమెరికాలో ఫ్యాషన్ ఫోటోలకి చాలా పెద్ద పేరున్న ఆయన, 1975లో న్యూయార్క్ వీధుల్లో దొరికిన చెత్తని, అందులో బురద పట్టి నలిగిపోయిన ఒక గ్లౌజుని కూడా, స్టూడియోకి తీసుకెళ్లి తీసి, ఖరీదైన ప్లాటినం పద్ధతిలో ప్రింట్లు వేశాడు. అంతకు చాలా ముందు 1881లో మాక్స్ క్లింగర్ అనే జర్మన్ చిత్రకారుడు, స్కేటింగ్ చేసే చోట ఒకావిడ జారవిడిచిన గ్లౌజు మీద వరసగా పది చెక్కుడు బొమ్మలు వేశాడు. కాబట్టి పడిపోయిన గ్లౌజుని తీరిగ్గా చూడటం కొత్తేం కాదు. పెన్ పద్ధతి నేను పాటించను, స్టూడియోకి తీసుకెళ్తే చోటు పోద్ది, నాకు చోటే కావాలి.

చెప్పులు, మాస్కులు, హెల్మెట్లు?

మీ ఇష్టం. ఒంటి చెప్పులు మన దగ్గర మరీ ఎక్కువ, దసరాకి ఘాట్ల దగ్గర అయితే లెక్కే ఉండదు. నేను తీయను, గ్లౌజుతోనే సరిపోతుంది.

ఒకే గ్లౌజుని మళ్లీ మళ్లీ తీయొచ్చా?

ఇది చాలా మంచి పని, ఊడ్చేవాళ్లు రాని మూలల్లో అయితే నెలల తరబడి ఉంటాయి. కాటన్‌ది వానాకాలంలో మట్టితో కలిసి కుళ్లిపోతుంది. అసలైన రబ్బరు ఎండకీ గాలిలోని ఓజోన్‌కీ పగుళ్లిచ్చి ముక్కలవుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్నది రంగు వెలిసిపోతుందే కానీ పోదు, కాలువ గట్ల మీద చూస్తే ఇవే ఉంటాయి. ప్రతిసారీ అదే వైపు నుంచి, అదే ఎత్తు నుంచి తీయండి.

ఫోటోలు ఎలా దాచుకోవాలి?

కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆన్ చేసి పెట్టుకోండి, అప్పుడు ఫోటోతో పాటే చోటు కూడా ఫైల్లో ఉండిపోద్ది, తర్వాత మ్యాపులో చూస్తే ఏ రోడ్డులో ఏ రకం ఎక్కువో కనపడుద్ది. వాట్సాప్‌లో మామూలు ఫోటోలాగా పంపితే ఆ వివరం పోద్ది, ఉండాలంటే డాక్యుమెంటుగా పంపాలి. మీ ఇంటి సందులో తీసింది బయట పెట్టేటప్పుడు మాత్రం లొకేషన్ తీసేసే పెట్టండి. ఫైలు పేరులో తేదీ, సెంటరు పేరు, రకం, కుడో ఎడమో, ఈ నాలుగు చాలు: ముందు తేదీ, తర్వాత "పటమట, ఎండ గ్లౌజు, కుడి" ఇలాగ. ఆ రోజు రాత్రే రాసేయండి, వారం ఆగితే పటమటదో మాచవరానిదో గుర్తుండదు.